బడి నడుస్తుండగానే బడికి మరమ్మతు

ముందు క్యాలెండరు తెచ్చుకోండి, ప్లాను సంగతి తర్వాత. నిధులు మంజూరైన కాగితం చేతికి రాగానే అందరూ టేపు పట్టుకుని గోడలు కొలవడం మొదలుపెడతారు. గోడలు ఎక్కడికీ పోవు, రోజులే పోతాయి. గుంటూరు, విజయవాడల్లో నేను చూసుకున్న పనుల్లో ఎక్కువ భాగం మనుషులు మసిలే బిల్డింగుల్లోవే. బళ్లు, జూనియర్ కాలేజీలు, అక్కడక్కడా ఓ ఆసుపత్రి వార్డు. మా నాన్న తాపీ మేస్త్రి. నేను సివిల్ డిప్లొమా చేసి సైటు చూసుకుంటాను. అందుకే ఇందులో ఆఫీసు మాట తక్కువ, సైటు మాట ఎక్కువ. కొత్తగా సైటుకెక్కిన కుర్రాళ్లకీ, చేతిలో నిధులుండి ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తోచని హెడ్మాస్టర్లకీ పనికొస్తుందని రాస్తున్నాను.

మన దగ్గర బడి జూన్ 12న తెరుస్తారు. ఏప్రిల్ నాలుగో వారంలో వేసవి సెలవులు మొదలవుతాయి. అంటే ఏడు వారాలు. కాగితం మీద చాలానే అనిపిస్తుంది, స్లాబు లెక్క వేస్తే తెలుస్తుంది దాని అసలు కొలత. పాత పైకప్పు తీసి కొత్త స్లాబు వేయాలనుకుందాం. తరగతి గది ఇరవై అడుగుల వెడల్పు, అంటే ఆరు మీటర్ల పైమాట. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456. దాని ప్రకారం 4.5 మీటర్లు దాటిన స్లాబు కింద ఊతంగా నిలబెట్టే జాకీలు 14 రోజులు ఉండాలి. దూలం 6 మీటర్లు దాటితే 21 రోజులు. అదీ బూడిద కలపని మామూలు ఓపీసీ సిమెంటుకి చెప్పిన లెక్క. బస్తా మీద పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) అని ఉంటే ఇంకా ఆగమని ఇంజనీరు చెబితే ఆగాల్సిందే. ఎండాకాలం క్యూరింగు పది రోజులకి తగ్గకూడదు. ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టండి. జూన్ 12కి రంగులతో సహా గది సిద్ధం కావాలంటే కింద గచ్చుకీ, ప్లాస్టింగుకీ, కరెంటు పనికీ కనీసం రెండు వారాలు. అంటే మే ఆఖరుకి జాకీలు దిగాలి. అంటే మే మొదటి వారం దాటకుండా కాంక్రీటు పడాలి. సెలవులు మొదలయ్యాక కొట్టడానికీ, రబ్బీసు ఎత్తడానికీ, సెంట్రింగుకీ, ఇనుము కట్టడానికీ కలిపి మిగిలేది పది పన్నెండు రోజులు. టెండరు, ఇనుము, మనుషులు, మూడూ మార్చిలోనే ఖాయం కాకపోతే ఆ వేసవికి స్లాబు మానేసి వేరే పని పెట్టుకోవడం మంచిది. పిల్లలు గదిలోకొచ్చాక కూడా స్లాబు కింద జాకీలు నిలబెట్టి ఉంచే పరిస్థితి తెచ్చుకోవద్దు.

గుంటూరులో ఇంకో చిక్కుంది. ఏడాది మొదట్లో మిరప కోతలు. పల్లెల నుంచి అడ్డాకొచ్చే కూలీలు అటు వెళ్లిపోతారు. మిర్చి యార్డు వైపు రోడ్లలో ఆ నెలల్లో లారీ కదలడమే గగనం. ఇసుక, కంకర ముందే దింపుకోవాలి, కానీ ఆటస్థలంలో కాదు.

ఒంటిపూట బడులు మార్చి మధ్యలో మొదలవుతాయి. మధ్యాహ్నం నుంచి గదులన్నీ మనవే అని సంబరపడకండి. అదే నెలలో ఇంటర్, పదో తరగతి పరీక్షలు. మీ బడి పరీక్షా కేంద్రమైతే పొద్దున పరీక్ష, మధ్యాహ్నం మిగతా తరగతులు. అంటే రోజంతా ఖాళీ ఉండదు. ఎన్నికల ఏడాదైతే అదే బడి పోలింగు కేంద్రం కూడా, ర్యాంపూ కరెంటూ తాగునీరూ ఆ రోజుకి సరిగ్గా ఉండాలి. దసరా సెలవులు వాడుకుందామంటే అదీ చోటుని బట్టే. విజయవాడ వన్ టౌన్‌లో నవరాత్రులకి పిల్లలు బడికి రారు, నిజమే. లారీ కూడా రాదు. అమ్మవారి దర్శనానికొచ్చే జనంతో దారులన్నీ మళ్లిస్తారు. అక్కడ ఆ పది రోజులకీ సామాను ముందే లోపల ఉంటే తప్ప పని పెట్టుకోకండి. పటమట వైపో, సింగ్‌నగర్ వైపో అయితే దసరా బాగానే కలిసొస్తుంది. గుంటూరులో మిషన్ బళ్లు చాలా ఉన్నాయి, వాళ్లకి దసరా సెలవులు తక్కువ, క్రిస్మస్‌కి ఎక్కువ. డేట్లు హెచ్‌ఎం గారిని అడిగి రాసుకోవాలి, మనంతట మనం ఊహించుకోకూడదు.

క్యాలెండరయ్యాక బిల్డింగంతా నడవండి. పక్కన ఎవరుండాలన్నది ముఖ్యం. హెచ్‌ఎం గారు మర్యాదకి వస్తారు. అసలు కావాల్సింది అటెండరు. నీళ్ల గొట్టం ఎక్కడ మలుపు తిరిగిందో, ఏ స్విచ్చు ఏ గదిదో, వానకి ఏ మూల కారుతుందో ఆయనకి తెలిసినంత డ్రాయింగుకి తెలియదు. ఆయన తర్వాత మధ్యాహ్న భోజనం వండే అమ్మ. పొయ్యి ఎన్నింటికి వెలిగిస్తారు, బియ్యం ఎక్కడ పెడతారు, నీళ్లు ఏ కుళాయి నుంచి పడతారు, ఇవన్నీ అడగాలి. ఆ తర్వాత పీఈటీ. పిల్లలు ఏ బెల్లుకి ఎటు పరిగెడతారో ఆయనకే తెలుసు. 2019 నవంబరు 14న ప్రభుత్వ బళ్లు బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైనప్పటి నుంచీ బడి పనుల్లో తల్లిదండ్రుల కమిటీలకి చోటు దొరికింది. కమిటీ వాళ్లని బిల్లు మీద సంతకానికే పిలవకండి, ఈ నడకకీ పిలవండి. ఆడపిల్లల బాత్రూము దారి గురించి ఏ ఇంజనీరూ అడగని ప్రశ్న ఓ తల్లి అడుగుతుంది.

నడుస్తూ సున్నంతో నేల మీద గీతలు గీయించండి. పిల్లలు నడిచే దారి ఒకటి, కూలీలూ సామానూ వెళ్లే దారి ఒకటి. రెండూ ఎక్కడా కలవకూడదు. ఒకే గేటున్న బడిలో అది కుదరదంటారు. అప్పుడు దారిని వేళతో విడదీయాలి. బడి పెట్టే ముందు అరగంట, వదిలాక అరగంట, భోజనం బెల్లంతా ఆవరణలో ఏ చక్రమూ తిరగకూడదు. లారీ రివర్సు అయ్యేటప్పుడు వెనక ఓ మనిషి జెండా పట్టుకుని నిలబడాలి, డ్రైవరు "నాకు కనపడుద్దిలే" అన్నా సరే. కుదిరితే వెనక ప్రహరీ కొంచెం కొట్టి తాత్కాలిక గేటు పెట్టుకోండి. మళ్లీ కట్టే ఖర్చు ఎస్టిమేటులో వేసుకోవచ్చు.

అసలు ఎస్టిమేటు మాట ఇక్కడే చెప్పాలి. రేకుల అడ్డుగోడ, రాత్రి పని, తాత్కాలిక బాత్రూములు, బెంచీలు మోయడం, ఇవేవీ క్యూబిక్ మీటర్ల లెక్కలో ఇమడవు. విడిగా ఐటమ్‌గా రాయకపోతే ఎం.బుక్‌లో, అంటే చేసిన పని కొలిచి బిల్లుకి రాసే పుస్తకంలో, ఎక్కవు. ఎంబుక్కులో ఎక్కనిది సైటులో జరగదు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారితో మొదట్లోనే కూర్చుని రాయించుకోండి. "అవన్నీ కాంట్రాక్టరే చూసుకుంటాడు" అన్న మాట నమ్మి పని మొదలెడితే, అడ్డుగోడ చోట చివరికి మిగిలేది ఎర్ర రిబ్బను.

రిబ్బను పెద్దవాళ్లని ఆపుతుంది. పిల్లలకి అది ఆట. ఆరడుగుల రేకులు కావాలి, కింద సందు లేకుండా, మేకుల కొసలు మనవైపు ఉండేలా. బంతి సంగతి ఒకటి గుర్తుంచుకోండి. ఎంత ఎత్తు రేకు పెట్టినా బంతి లోపల పడుతుంది. తిరిగి రాకపోతే దాని కోసం ఓ పిల్లాడు రేకెక్కుతాడు. అందుకే వాచ్‌మన్‌కి ఓ బుట్ట ఇచ్చి, లోపల పడ్డ బంతులన్నీ బడి వదిలే లోపు పీఈటీ చేతికిచ్చే ఏర్పాటు చేస్తాను. పని పక్కనే ఉన్నన్నాళ్లూ ఇది ఆపను. ఊచల కొసలకి ఖాళీ నీళ్ల సీసాలు తొడిగించండి. ఒకటో తరగతి పిల్ల కన్ను మూడు మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది, స్తంభానికి వదిలిన ఊచలు సరిగ్గా అక్కడే ఉంటాయి. సంపు మూత, క్యూరింగు నీళ్ల తొట్టి, సున్నం నానబెట్టిన గుంట, ఈ మూడూ సాయంత్రం మేస్త్రి స్వయంగా చూసి వెళ్లాలి. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

కూలీల విషయం మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. ప్రతి మనిషి ఆధార్ కాపీ, ఫొటో హెచ్‌ఎం గది ఫైలులో ఉండాలి. మెళ్లో కార్డు లేకపోతే గేటు దాటకూడదు. వాళ్లకి విడిగా బాత్రూము కట్టించాలి, పిల్లల బాత్రూము వైపు ఒక్కరూ వెళ్లకూడదు. కాంట్రాక్టరుకిది ఖర్చే, అయినా ఇందులో బేరం లేదు. ఒడిశా నుంచీ బీహారు నుంచీ వచ్చే కుటుంబాల పిల్లలు సైటులో ఇసుక మీద ఆడుతుంటారు. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకి తగ్గ తరగతిలో ఆ పిల్లల్ని చేర్చుకోవాలి. అదే బడిలో చేర్పించండి, హెచ్‌ఎం గారికి హాజరు పెరుగుతుంది, మీకు సైటులో ఓ ప్రమాదం తగ్గుతుంది.

ఇక చప్పుడు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన చోట 2000 నాటి నిబంధనలు పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదంటాయి. కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు మిషను పక్క గదిలో ఆడుతుంటే పాఠం ఎవరికీ వినపడదు. నేను పాటించే పద్ధతి: సాయంత్రం బడి వదిలాకానూ, ఆదివారాలూ బ్రేకరు, డ్రిల్లు, టైలు కటింగు. బడి వేళల్లో ఇనుము కట్టడం, పైపులు బిగించడం, వైరు లాగడం, లప్పం పెట్టడం. సత్యనారాయణపురం లాంటి చోట గోడకి గోడ ఆనుకుని ఇళ్లుంటాయి, రాత్రి పదికి ముందే ఆపేయాలి. అక్కడి వాళ్లకి ముందే చెప్పి ఓ ఫోన్ నంబరిస్తే సగం గొడవలు తగ్గిపోతాయి.

దుమ్ము ఇంకా మొండిది. పని గదికీ పక్క గదికీ మధ్య ప్లాస్టిక్ షీటు నేల నుంచి స్లాబు దాకా కట్టాలి. ఫాల్స్ సీలింగు దగ్గర ఆపితే దుమ్ము దాని మీదుగా పోతుంది. బయటి కిటికీలో ఓ ఎగ్జాస్టు ఫ్యాను బిగించి గాలిని బయటికే తోయించండి, గది తలుపు దగ్గర తడి గోనె పట్టా పరవండి. టైలు, గ్రానైటు కోస్తే నీళ్లు పోస్తూనే కోయాలి. ఆ పొడిలో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. కోసేవాడి మూతికి కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు. వంటగది వైపు గాలి మళ్లే రోజు అసలు కోయకండి. రబ్బీసు పైనుంచి కిందికి విసరకండి. డ్రమ్ముల అడుగులు కోసి ఒకదానికొకటి బిగించి గొట్టంలా దించండి, కింద నోటికి తడి గోనె కట్టండి.

పాత రేకుల షెడ్లలో ఆస్బెస్టాసు సిమెంటు రేకులుంటాయి. సుత్తితో కొట్టి దించడం మనవాళ్లకి అలవాటు, అది మాన్పించండి. రేకు తడిపి, బోల్టులు విప్పి, పలక పలకగా దించి, పగిలినవి మందపాటి కవర్లో కట్టాలి. పాత కిటికీల రంగు కూడా అంతే. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకొచ్చింది. అంతకు ముందు వేసిన పొరల్లో ఎంత సీసముందో ఎవరు చూశారు? పొడిగా గరుకు కాగితం పెట్టి రుద్దొద్దు. తడిపి గీకండి, రాలిన పెచ్చులు సంచిలో ఎత్తండి.

పెచ్చులంటే గుర్తొచ్చింది, అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది దీని గురించే. "స్లాబు పెచ్చులూడుతోంది, కాస్త ప్లాస్టింగు చేసి రంగేస్తారా?" వేయను. ముందు ఆ గది తాళం వేయించండి. ఆదివారం పరంజా కట్టి, కర్రతో స్లాబంతా తట్టుకుంటూ వెళ్లండి. డొల్లగా పలికిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి. వదులుగా ఉన్నది అప్పుడే రాల్చేయాలి, పిల్లల తల మీద రాలేదాకా ఆగకూడదు. లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బింది, ఆ ఉబ్బు పైనున్న కాంక్రీటుని బయటికి తోస్తోంది. దాని మీద ప్లాస్టింగు చేస్తే తుప్పు లోపలే పనిచేసుకుంటూ పోతుంది, రెండు మూడు వానలకి మళ్లీ ఊడుతుంది, ఈసారి ఇంకా బరువుగా. ఊచ వెనక వేలు దూరేంత దాకా కాంక్రీటు తీయాలి. తుప్పు తీగ బ్రష్షుతో పూర్తిగా గీకాలి. ఊచ మందంలో బాగా అరిగిపోతే పక్కన కొత్త ఊచ కట్టాలా, అసలు స్లాబే తీసేయాలా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి, మేస్త్రి కాదు, నేనూ కాదు. ఆ తర్వాతే తుప్పు రాకుండా కోటింగు, పాలిమర్ మోర్టారు. పైన టెర్రసు మీద నీళ్లు నిలిచే చోటు సరిచేయకుండా కిందినుంచి ఎంత చేసినా దండగే. గుంటూరు పాత కాలేజీల్లో, టేకు దూలాల మీద ఇటుక పేర్చిన మద్రాసు టెర్రసులు ఇంకా ఉన్నాయి. వాటికిది వర్తించదు, అక్కడ చూడాల్సింది గోడలో దూరిన దూలం కొస. కుళ్లు మొదలయ్యేది అక్కడే.

గుంటూరు నేల నల్లరేగడి. ఎండాకాలం బీటలిస్తుంది, వానకి ఉబ్బుతుంది, గోడల్నీ దాంతోపాటు కదుపుతుంది. మేలో గోడ పగులు చూసి వెంటనే సిమెంటు కూరకండి. పగులు మీద అడ్డంగా చిన్న గాజు ముక్క అతికించి పక్కన తేదీ రాయండి. వానలు పడ్డాక గాజు పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. ఉన్న గది పక్కనే కొత్త పునాది తవ్వాల్సొస్తే గోడ పొడవునా ఒకేసారి తవ్వకూడదు. మీటరు తవ్వి, కట్టి, కాస్త దూరం వదిలి ఇంకో మీటరు. ఒకటిన్నర మీటర్లు దాటిన గోతికి పక్కలు కట్టాల్సిందే, వానాకాలం నల్లరేగడిలో అంతకు తక్కువైనా కట్టండి.

బాత్రూములు మొత్తం ఒకేసారి పడగొట్టకండి. ముఖ్యంగా ఆడపిల్లలవి. ఒకటి కట్టి, నీళ్లొచ్చి, గడియ పడి, వాడుకలోకొచ్చాకే రెండోదానికి చెయ్యేయాలి. అదే నియమం గదులకీ. తీసుకున్న గది అప్పగించాకే ఇంకో గది. రెండు గదులు ఒకేసారి ఇస్తే పని తొందరగా అవుతుందని మేస్త్రి అంటాడు. అతని పని తొందరగానే అవుతుంది, వరండాలో కూర్చున్న తరగతులు మాత్రం రెండవుతాయి. వరండాలో బెంచీలు పేర్చడం అసలు వద్దు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఓ బడి అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. బయటపడే దారి సరిగా లేకపోవడం దానికి ఓ పెద్ద కారణం. పని జరుగుతున్నన్నాళ్లూ ప్రతి తరగతికీ రెండు దార్లుండాలి. ఒక మెట్లదారి మూయాల్సొస్తే పై అంతస్తు తరగతులు కిందికి దించాలి, సాకులు చెప్పకుండా.

కరెంటు తాత్కాలిక లైను విడిగా తీసుకోండి, కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టండి. పిల్లలు నడిచే చోట అతుకుల వైరు నేల మీద ఉండకూడదు. క్యూరింగు నీళ్లకి పిల్లలు తాగే ట్యాంకు ముట్టుకోకండి.

విజయవాడని ముంచిన బుడమేరు వాగు గురించి ఓ మాట. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ చుట్టుపక్కల నీళ్లు నిలిచిన బిల్డింగుల్లో, ఆరకముందే రంగులేసిన గోడలు తర్వాత ఉప్పు పొక్కి రాలాయి. నీళ్ల చార మీద ఓ అడుగు దాకా ప్లాస్టింగు తీసేసి గోడని గాలికి వదిలేయాలి, నెలలు పట్టినా సరే. ఆ గోడలున్న గదిలో కిటికీలు తీసి తరగతి నడపొచ్చు. తడిసిన వైర్లు మార్చి, స్విచ్చు బోర్డులు ఆ చారకి పైన బిగించాలి.

ఆసుపత్రి వార్డైతే ఇంతకు రెట్టింపు జాగ్రత్త. పాత గోడల దుమ్ములో ఉండే బూజు నీరసించిన రోగి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదకొస్తుంది, అక్కడ డాక్టర్లు సరేననకుండా షీటు కూడా విప్పకూడదు.

గది అప్పగించే రోజు అటెండరునీ, ఆ తరగతి టీచర్నీ పిలిచి తిప్పండి. ప్రతి స్విచ్చూ నొక్కండి, ప్రతి కిటికీ గడియా వేసి తీయండి, నేల మీద అయస్కాంతం తిప్పి మేకులు ఏరండి. రంగు వాసన పోయేదాకా తలుపులు తీసి ఉంచండి. హెచ్‌ఎం గారి సంతకం ఓ కాగితం మీద తీసుకుని దాని నకలు ఎం.బుక్‌తో పాటు పెట్టండి. జూన్‌లో మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు నిచ్చెనేసుకుని టెర్రసు ఎక్కండి. వాన గొట్టాల నోట్లో గట్టిపడిన సిమెంటు ముద్దలు, చెక్క ముక్కలు, ఓ బంతైనా ఉంటాయి. అవి తీసి, కిందికెళ్లి ప్రతి గది పైకప్పు మూలలూ టార్చి వేసి చూసి, తేమ కనపడ్డ చోట తేదీ రాసి, కాంట్రాక్టరు డిపాజిట్టు వెనక్కివ్వక ముందే పిలిపించండి.